ఏడవొద్దన్నది నేనే

సిద్దిపేట దవాఖానలో నేను నర్సుగా ఉన్న రోజుల్లో మా వార్డుకు ఊపిరి మిషను వచ్చింది. హైదరాబాదులో వాడి పక్కన పెట్టినదే అయినా, నాకు దాని మీద మహా గర్వం. అంతకు ముందు ఊపిరి ఆడని రోగికి గొంతులో గొట్టం వేసి, దానికి రబ్బరు సంచి తగిలించి, చేత్తో నొక్కుతూ కూర్చునేవాళ్లం. మా చేతులు చాలకపోతే ఇంటివాళ్లతో నొక్కించేవాళ్లం. మిషనుకు ఆకలి లేదు, అలుపు లేదు. ఇక ఆ పీడ విరగడైందనుకున్నాను. నా మొహం, కరెంటు సంగతి మరిచాను.

ఆ వానాకాలం దుబ్బాక నుంచి ఒక నేత కార్మికుణ్ణి తెచ్చారు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే పాము కరిచిందట. వచ్చేసరికే రెప్పలు వాలిపోయాయి, ఛాతీ కదలడం లేదు. విషానికి మందు ఎక్కించి, గొంతులో గొట్టం వేసి మిషను పెట్టాం. తనంతట తాను ఊపిరి తీసుకునేదాకా అదే దిక్కు.

మర్నాడు పొద్దున కరెంటు పోయింది. సంచి తగిలించి అతని భార్య చేతికిచ్చాను. ఆమె కూడా తువ్వాళ్లు నేసే మనిషి. ఏడుస్తూనే, మగ్గం ముందు కూర్చున్నట్టు టకటకా నొక్కడం మొదలుపెట్టింది.

“గంత జల్ది నొక్కితే మనిషి దక్కడు,” అని కసిరాను. “నువ్వు ఊపిరి పీల్చినప్పుడల్లా ఒక్కసారి నొక్కు. ఏడ్వకు. నీకు ఎక్కిళ్లొస్తే ఆయనకు పోయే గాలి తప్పుతది.”

ఏడుపు ఎక్కడిదక్కడ మింగేసింది. భర్త ఛాతీ మీదే చూపు పెట్టి, పీలుస్తూ నొక్కింది. నేను చెయ్యి మారుస్తానంటే సంచి కాసేపు ఇచ్చి మళ్లీ తీసుకునేది.

మధ్యాహ్నం దాటాక కరెంటు వచ్చింది. మిషను తగిలించబోతే ఆమె సంచి వదల్లేదు.

“ఆగు సిస్టరమ్మా. నేను నొక్కకముందే ఆయినే గాలి గుంజుకుంటుండు.”

నాకు ఒళ్లు మండింది. “నాకే నేర్పుతున్నవా? ఇటియ్యి,” అని లాక్కుని నొక్కాను. ఏమీ తెలియలేదు.

“నొక్కకు. జర ఆగి చూడు,” అంది.

ఆగాను. నా వేళ్ల కింద సంచి కొంచెం, చాలా కొంచెం, తనంతట తానే లోపలికి పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. మా మిషనుకు పెట్టిన లెక్క ప్రకారం గాలి తోయడమే తెలుసు, రోగి పీల్చబోతున్నాడా లేదా అన్నది దానికి పట్టదు. అది తగిలించి ఉంటే నాకూ పట్టేది కాదు.

డాక్టరు గారు వచ్చి తనూ సంచి పట్టుకుని చూశారు. “మిషను వద్దు. ఆయన పీల్చినప్పుడే తోడు నొక్కమను,” అన్నారు. సాయంత్రందాకా ఎక్కువసేపు ఆమే నొక్కింది, మధ్యమధ్య మేం వంతులు మార్చాం. చీకటి పడేసరికి అతనికి సంచి తోడు అక్కర్లేకపోయింది.

మూడో రోజు గొట్టం తీశాం. అతను దగ్గి, బొంగురు గొంతుతో నీళ్లడిగాడు. ఆమె ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నేను కసిరినప్పటి నుంచి ఆమె కంట్లో చుక్క నీరు చూడలేదు. మెల్లగా నా వైపు తిరిగింది.

“సిస్టరమ్మా, ఇగ నేను ఏడ్వొచ్చునా?”

ఏడువు బిడ్డా అందామనుకున్నాను. ముందు ఆమె ఒళ్లోని సంచి తీసి పక్కన పెట్టాను.