అటువైపు ఇంటావిడ

మా బావ వడ్రంగి. ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు ఆయన చేతిలోంచి వచ్చినవే. సొంతింటి తలుపు మాత్రం వాన పడితే ఉబ్బి, భుజం పెట్టి తోస్తే గానీ తెరుచుకోదు. "ఆ అంచు కాస్త చిత్రిక పట్టండి" అని మా అక్క పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టింది. "రేపు" అని ఆయనా అప్పుడే మొదలుపెట్టాడు. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు.

కిందటి ఏడాది ఎవరిదో మేడ మీద కిటికీ బిగిస్తూ బావ కింద పడ్డాడు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, దెబ్బంతా తలకే. ఆస్పత్రి నుంచి వచ్చాక నడక వచ్చింది, మాట వచ్చింది, ఆకలి మరీ బాగా వచ్చింది. ఎడమవైపు చూపు మాత్రం సరిగా రాలేదు. అక్క దిండు గలీబులు కుట్టి అమ్ముతూ, మిషను మీద నుంచి ఒక కన్ను ఆయన మీద వేసి ఇల్లు నెట్టుకొస్తోంది.

ఓ ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. బావ లేచి నిలబడి, "రండి, కూర్చోండి" అన్నాడు.

పెళ్ళినాటి నుంచి నన్ను "ఒరేయ్ దున్నపోతా" అని తప్ప పిలవని మనిషి. "ఏం బావా, దెబ్బతో పాటు మర్యాద కూడా తగిలిందా?" అన్నాను. ఆయన నవ్వలేదు. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే అక్కతో మెల్లగా అంటున్నాడు.

"ఎవరండీ ఆయన? అచ్చం మా బావమరిదిలాగే ఉన్నాడు. కానీ మావాడికి అంత పొట్ట లేదు."

ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపులోనే పొట్ట లోపలికి పీల్చుకున్నాననీ ఒప్పుకోవాలి. తర్వాత గానీ తట్టలేదు, ఆయన అక్కని కూడా 'అండీ' అన్నాడు.

వంటింట్లో అక్క గొంతు తగ్గించి చెప్పింది. "ఇది మన ఇల్లు కాదటరా. మనింటిలాంటిదే ఇంకోటి కట్టి ఇక్కడ పెట్టారట. గోడమీద నూనె మరకతో సహా దించేశారట. అసలిల్లు అటువైపు ఎక్కడో ఉందట, అందులో నేనున్నానట."

"మరి ఇక్కడున్న నువ్వు?"

"ఈ ఇంటావిడని. మంచిదాన్నేనట."

డాక్టరు వాదించొద్దన్నాడట. చూసిన చోటు గుర్తుకొస్తుంది గానీ 'ఇది నాది' అన్న భావం కలగడం లేదనీ, నెమ్మదిగా తగ్గొచ్చనీ చెప్పాడట. తగ్గేలోపు అక్కకి ఒకటే భయం, అసలిల్లు వెతుక్కుంటూ ఆయన ఒంటరిగా బయటపడతాడని. అప్పటికే ఒకసారి అలా బయటపడ్డాడు. పెద్దరోడ్డు మధ్యలో, ఎడమ నుంచి లారీ వస్తోందని తెలియక ప్రశాంతంగా నిలబడి ఉంటే సెలూన్ అతను చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

అందుకని అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. "ఇంటికెళ్తానండీ" అని ఆయన చెప్పులేసుకోగానే తనూ వేసుకుంటుంది. ఇద్దరూ వీధి చివరిదాకా నడిచి, సెలూన్ పక్క సందులోంచి చుట్టూ తిరిగి, రెండోవైపు నుంచి అదే ఇంటికి వస్తారు. ఆ సందులో ఎక్కడో ఆయన "ఏవండీ" మానేసి "ఏమే" అంటాడు. ఇంట్లోకి రాగానే "హమ్మయ్య" అని చతికిలబడతాడు. పొద్దున లేస్తే మళ్ళీ మొదటికి.

ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను. బయల్దేరే ముందు బావ చెవి మీది పెన్సిల్ తీసి తలుపు వెనక ఒక గుర్తు గీశాడు. ఏ ముక్క ఎందులో కూర్చోవాలో మరిచిపోకుండా వడ్రంగులు గీసుకునే గుర్తు.

"ఇది నకలు ఇల్లని గుర్తు. ఇక నన్నెవరూ బురిడీ కొట్టించలేరు."

నా గుండె తేలికపడింది. తిరిగొచ్చి గుర్తు చూస్తాడు, రెండూ ఒకటేనని తెలుస్తుంది, పీడ విరగడవుతుంది అనుకున్నాను. సందు తిరిగాం. అక్కకి "ఏమే" దక్కింది. నాకు "ఒరేయ్ దున్నపోతా" దక్కింది. ఆ మాటకి కళ్ళు చెమర్చడం నాకదే మొదలు.

ఇంటికొచ్చి బావ తలుపు వెనక్కి వంగి చూశాడు. గుర్తుంది. వేలితో రుద్ది చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చూశారా," అన్నాడు గుసగుసగా. "మనం నడిచొచ్చేలోపు ఇక్కడ కూడా గీసేశారు."

అక్కా నేనూ ఒక్కసారే వీధిలోకి తొంగిచూశాం. ఎవరి కోసం చూశామో మాకే తెలియదు.

ఆ తర్వాత ఆయన అక్క మొహాన్ని పరీక్షగా చూడడం మొదలుపెట్టాడు. "ఇల్లు చెయ్యగలిగినవాళ్ళు మనిషిని చెయ్యలేరా?" అని అడిగాడట. అది చెబుతూ అక్క మిషను ఆపేసింది. "నేను కూడా నేను కాదనుకుంటే, ఇంకెవరి వెంట ఇంటికొస్తాడురా?"

సందు చుట్టి ఇంటికొచ్చాక ఇంకో మాట కూడా అన్నాడట. "అటువైపు ఇంటావిడ పాపం ఒంటరిది. నాకు గ్లాసు అందించేటప్పుడు ఆవిడ చేతులు వణుకుతాయి. ఆవిడకి నేనంటే భయమే."

అక్క తన చేతుల కేసి చూసుకుంది. తర్వాత వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో దాచుకుంది.

మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం బావకి తోడుగా నన్ను కూర్చోబెట్టి అక్క సరుకులకి వెళ్ళింది. వాన దంచుతోంది. తలుపు చప్పుడైంది. బావ వెళ్ళాడు, గడియ తీయలేదు.

"ఎవరు?"

"నేనే."

"ఏ ఇంటి మనిషివి?"

అక్క ఈ ఇల్లంటే ఒక తంటా, ఆ ఇల్లంటే ఇంకో తంటా.

"ఏ ఇంటిదాన్నైతే ఏంటండీ! నిలువునా తడిసిపోయాను, సంచి చినిగేలా ఉంది. కబుర్లు తర్వాత చెప్పుకుందాం, ముందు తియ్యండి!"

బావ మొహం విప్పారింది. "మా ఆవిడేరా. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోదు."

గడియ తీశాడు. అక్క భుజం పెట్టి తోసుకుని లోపలికొచ్చింది. ఆయన తలుపు వెయ్యలేదు.

"వెయ్యండీ, జల్లు కొడుతోంది."

"ఉండవే. వెనకాల ఆవిడ కూడా వస్తోంది."

నేను ఆయన భుజం మీదుగా చూశాను. వీధినిండా వాన తప్ప ఏమీ లేదు. అక్క మాత్రం వెనక్కి తిరగలేదు. సంచి పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడింది. చివరికి, "రానివ్వండి. చేతి సాయంగా ఉంటుంది" అంది.

బావ ఒక మనిషి పట్టేంత పక్కకి జరిగాడు. "రండి, తడిసిపోయారు" అన్నాడు. కాస్త ఆగి తలుపు వేశాడు.

"ఇక అటువైపు ఎవరూ లేరు," అన్నాడు తృప్తిగా. "వెళ్ళాల్సిన పని లేదు."

నిజంగానే వెళ్ళలేదు. "ఇంటికెళ్తానండీ" అంటూ చెప్పులేసుకోవడమూ మానేశాడు. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వడు. అక్క కూడా దాని ముందు నుంచి వెళ్ళదు, చుట్టూ తిరిగి వెళ్తుంది.

"ఆయనంటే సరే. నువ్వెందుకే తప్పుకుంటావు?" అని నిన్న అడిగాను.

"ఆయన కుదుటపడేదాకారా," అంది. ఒకసారి ముందుగది వైపు చూసి, గొంతు తగ్గించింది. "అయినా ఈమధ్య వంట తొందరగా అయిపోతోంది."

అని నవ్వింది. నేనూ నవ్వాను. ముందుగదిలో బావ కూడా నవ్వాడు, కానీ మా మాటకి కాదు. కుర్చీ వైపు కొద్దిగా వంగి, ఏదో చెబుతున్నాడు.