షజరా మీద పెట్టిన వేలు

నారాయణఖేడ్ బస్టాండులో బీదర్ బస్సు కోసం ఎదురుచూస్తుంటే, పక్కనున్న ముసలాయన నేనేం చేస్తానని అడిగాడు. రాజమండ్రిలో చరిత్ర పాఠాలు చెబుతానన్నాను. వెంటనే సంచిలోంచి చెదలు తిన్న కాగితపు చుట్ట తీశాడు. వాళ్ళ వంశంలో పుట్టినవాళ్ళ పేర్లన్నీ రాసిన షజరా అది.

“అందరు మమ్ముల తురకోళ్ళంటరు. మేం నిజంగనే తుర్కిస్తాన్ కెల్లి గుర్రాల మీద వచ్చినోళ్ళం సార్. గీ ఫార్సీ గొలుసుకట్టు మా ఇమామ్ సాబ్‌కు గూడ సమజైతలేదు. బీదర్‌ల సదివెటాయన ఒక్కడున్నడంటే పోతున్న. నేను సచ్చేలోపల మా తాత పేరు యాడుందో పిల్లలకు సూపియ్యాలె. జర నువ్వు సూడరాదు?”

ముప్పై ఏళ్ళుగా తురుష్కుల గురించి పాఠాలు చెబుతున్నాను. వాళ్ళు రాసుకున్నదాంట్లో ఒక్క అక్షరం చదవలేను. ఆ మాట ఆయనతో అనడానికి నామోషీ అడ్డొచ్చింది. వాళ్ళ తాత పేరేంటో అడిగి, ఏదో ఒక వరుస మీద వేలు పెట్టాను.

ఆయన అక్కడ ముద్దు పెట్టుకుని, కళ్ళకద్దుకుని, నా పెన్ను అడిగి ఆ పేరు చుట్టూ సున్నా చుట్టాడు.

బస్సు వచ్చింది. ఆయన లేవలేదు.

“ఇగ బీదర్‌ల నాకేం పని సార్? ఇంటికి పోయి పిల్లలకు సూపిస్త,” అన్నాడు.

నేను ఎక్కి కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే, చుట్టను చంకలో పెట్టుకుని కల్హేర్ ఆటో వైపు నడుస్తున్నాడు. అప్పుడైనా పిలవాల్సింది. పిలవలేదు.