బావిలో దిగిన నాయన

హిందూపురం అంగట్లో రంగురంగుల విత్తనాల పొట్లాలు కనిపిస్తే నేనిప్పటికీ ఒకటి తీసి వాసన చూస్తాను. దేనికీ వాసన ఉండదు. మా అవ్వ బూడిద కలిపి, సొరబుర్రలో పోసి, పొయ్యి మీద ఉట్టిలో దాచిన బీర, గోరుచిక్కుడు, వంకాయ విత్తనాలకు పొగ వాసనా, అవ్వ చేతి వాసనా ఉండేవి.

పెనుకొండకు కోసెడు దూరంలో మా తోట. మాఘమాసం చివర, పొద్దున వణికించే చలి మధ్యాహ్నానికి చెమటగా మారే రోజుల్లో, పాత కంప పీకి కొత్త కంచె కట్టడం, దిబ్బలోని ఎరువు గంపలతో మోయడం, మళ్లు కట్టడం ఇంటిల్లిపాదికీ పని. నా చిన్నప్పుడు ఒక ఏడు వానలు లేవు. బావి అడుగున బురదే మిగిలింది. పూడిక తీస్తే తప్ప నారు పోసే దారి లేదు.

"వద్దురా నరసిమ్మా, ఆ బాయే మీ నాయన్ని మింగింది. ఉప్పూ మిరపకాయా నూరుకొని తిందాంలే," అంది అవ్వ నాయనతో. తాత పోయింది అందులోనే, గట్టు విరిగి మీద పడి. అప్పట్నుంచీ అవ్వ బావి వైపు తిరిగి చూసేది కాదు.

"నీళ్లు లేకుంటే పిల్లోళ్లకు ఏం పెడతామమ్మా?" అని నాయన దిగినాడు. చిన్నాయన పైన ఉండి, ఎద్దులతో బురద గంపలు లాగిస్తున్నాడు.

ఎండ నెత్తికెక్కే వేళ లోపల్నుంచి రాళ్లు దొర్లిన చప్పుడు వచ్చింది. దుమ్ము పైకి లేచింది. తర్వాత ఏ అలికిడీ లేదు.

కంచె దగ్గరున్న అవ్వ పరుగెత్తుకొచ్చి, అన్నేళ్లూ చూడని ఆ బావి అంచున బోర్లా పడుకుని అరిచింది. "ఒరే నరసిమ్మా! పలుకురా!" మళ్లీ పిలిచింది. గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది.

"ఈడ ఉండానమ్మా... కాలు రాళ్ల కింద ఉండాది," అని సన్నగా వినబడింది.

చిన్నాయన మోకు పట్టుకుని దిగి, రాళ్లు తొలగించి, నాయన నడుముకు మోకు కట్టాడు. ఎద్దుల దగ్గర మనిషి లేడు. అవ్వ వెళ్లి పగ్గాలు పట్టుకుంది. ఎద్దులు తొందరపడితే నాయన రాతిగోడకు కొట్టుకుంటాడు, వెనక్కి జారితే మళ్లీ కిందికే. లోపలికి చూడలేక అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. నేనే చూసి చెప్పాల్సి వచ్చింది. "ఇంకా పో అవ్వా... ఆగు... మెల్లిగా పో..." ఎద్దుల మెడలు నిమురుతూ, వాటితో ఏదో గొణుగుతూ, అవ్వ అడుగులో అడుగు వేయించింది. నాయన తల కనిపించగానే అమ్మ వంగి రెక్క పట్టుకుని గట్టుకు లాగింది.

ఎముక విరిగింది. కట్టు కట్టినా నాయన ఆ తర్వాత ఎప్పుడూ కుంటుతూనే నడిచాడు. బావిలోకి ఎవరినీ దిగనీయలేదు అవ్వ. విత్తనాలు దించి, పెరట్లోనే బీర పాదు పెట్టింది. ఆ వేసవంతా ఇంట్లో ఎవరు స్నానం చేసినా, బియ్యం కడిగినా, నీళ్లు పాదుకే. తొలికాపు కూర నాయన కంచంలో వడ్డించి, ఆయన తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది.

ఇప్పుడక్కడ తోట లేదు. బావి పూడ్చి ఇళ్లు కట్టారు. ఎద్దులూ లేవు, ఎద్దుల్ని అంత నెమ్మదిగా నడిపే వాళ్లూ లేరు. మొన్న మనవరాలికి ఇదంతా చెబితే, "అంత లోపలికి మనిషి ఎందుకు దిగాల?" అంది.

"కూరగాయల కోసమే," అన్నాను.

"కూరగాయల కోసమా!" అని నవ్వి, నా ముఖం చూసి ఆపేసింది.