పది ఆటల పీరియడ్లు, ఒక చాయి

పటాన్‌చెరులో పది ఆటల పీరియడ్లను ఒక్క చాయికి కొన్న మనిషిని నేనే. మా బడిలో అంత సస్తగ ఎవరూ బేరం చెయ్యలేదు.

"రెండు వారాలే సార్. సిలబస్ అయిపోంగనే ఇచ్చేస్త" అని ఆటల సార్‌ను ఒప్పించి, తొమ్మిదో తరగతి వారానికి రెండుసార్లు గ్రౌండ్‌కు పోవాల్సిన టైమంత నా సోషల్‌కు కలుపుకున్న. జోగిపేటల గాజుల దుకాణంల పెరిగినదాన్ని. నవ్వుకుంట అడిగితే ఎంత తగ్గుతదో నాకు ఎరుకే. ఇంతకూ ఆ పీరియడ్లల్ల చెప్పిన పాఠం స్వాతంత్ర్య పోరాటం. వ్యాపారానికని వచ్చినోళ్లు ఇక్కడ ఎట్ల తిష్ట వేసిన్రో చేతులూపుకుంట చెప్పిన. చెప్తుండంగనే రెండు వారాలు ఐదయినయి.

మండలం కబడ్డీ పోటీలకు ఇగ మూడు వారాలే ఉన్నయి. ఆడపిల్లల జట్టుకు ప్రాక్టీసు లేదు. బీహార్ నుంచి వచ్చి ఫ్యాక్టరీల పనిచేస్తున్న ఒకాయన బిడ్డ ఆ జట్టుకు కెప్టెన్. క్లాసంత సంతకాలు పెట్టిన అర్జీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"మా పీరియడ్లు మాకియ్యుండ్రి మేడం."

"ఇస్త బిడ్డా, జెర ఓపిక పట్టు."

"ఆ తెల్లోళ్లు గూడ గిట్లనే అన్నరు మేడం. పాఠంల ఉంది."

క్లాసంత కిసకిస. నేనూ నవ్విన. అర్జీని హాజరు పుస్తకంల పెట్టి మర్చిపోయిన.

మళ్ల వచ్చిన ఆటల పీరియడ్‌కు పోతే ఒక్క పుస్తకం తెరిచి లేదు. అందరూ చేతులు కట్టుకొని కూసున్నరు. లేచి దండం పెట్టిన్రు, హోంవర్కు ఇచ్చిన్రు. ప్రశ్న అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పలే. బెదిరించిన. బుజ్జగించిన. రోజూ ఎంత చెప్పినా నోరు మూయని కొండాపూర్ పిల్లగానికి పల్లిపట్టి ఆశ చూపిన. వాడు నవ్వు ఆపుకోలేక ఎర్రబడ్డడు గాని పలకలే.

మా నాయన దుకాణంల నాకు నేర్పిన మొదటి సంగతి ఒక్కటే. ధర చెప్పినంక గమ్మునుండాలె, ముందు మాట్లాడినోళ్లే తగ్గాలె. ముప్పై ఏండ్లల్ల నేను ముందు మాట్లాడింది లేదు. ఆ రోజు గోడ గడియారం చప్పుడు వినుకుంట ఎంతసేపు కూసున్ననో!

"సరే, వారానికి ఒకటి ఇస్త" అన్న.

అనంగనే నాలుక కర్సుకున్న. కెప్టెన్ లేచింది.

"రెండూ కావాలె మేడం. పాతయి గూడ."

"పాతయి ఏడికెల్లి తేవాలె?"

"మీ సోషల్ పీరియడ్లల్లకెల్లి."

"మరి సిలబస్?"

"పొద్దుగాల ప్రార్థనకు ముందే వస్తం. మా ఇష్టంతోని."

వచ్చిన్రు. ఐదు వారాలు నేను గుంజిన పాఠంల మిగిలిందంత నాలుగు పొద్దుల్ల ఒడిసింది. అడగకముందే చేతులు లేపిన్రు.

ఇగ లెక్క. తీసుకున్నయి పది. పోటీల లోపల తిరిగి ఇచ్చినయి ఆరు. ఫైనల్ల మా పిల్లలు రెండు పాయింట్లతోని ఓడిన్రు. బస్సుల కెప్టెన్ నా పక్కన కూసొని, మోకాళ్ల మట్టి దులుపుకుంట "ఇంక నాలుగున్నయి మేడం" అన్నది. పాయింట్ల సంగతి ఆమె ఎత్తలే. ఆ రెండు పాయింట్లూ నా ఖాతాలయే.

ఇంకొకటి. ఆ చాయి పైసలు గూడ ఆటల సారే ఇచ్చిండు.