ఎర్ర జర్మనీ కారు, పచ్చ ఇంగ్లండు కారు: సామర్లకోట నుంచి మొగల్తూరు దాకా

1984లో రావులపాలెం మార్కెట్లో అరటి గెలలకు మంచి ధర పలికింది. గెలల వ్యాపారం చేసే మావారికి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనాలన్న పిచ్చి ముదిరింది. అమ్మకానికి రెండున్నాయని తెలిసింది. సామర్లకోటలో డెబ్బైల నాటి జర్మనీ కారు, మొగల్తూరులో యాభైల నాటి ఇంగ్లండు కారు. నా ఆశ నాకుంది. పుట్టింట్లో నాన్న జీపు నడిపినదాన్ని, లైసెన్సు కూడా ఉంది. పెళ్ళయ్యాక మాత్రం ఈయన నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. కొనే కారేదైనా సరే, నేను నడిపి తీరాలని బయలుదేరాను.

ఉదయం ఆరింటికి అద్దె టాక్సీ ఎక్కి, మండపేట, బిక్కవోలు మీదుగా ఎనిమిదింటికల్లా సామర్లకోట చేరాం. రిటైరైన ఒక ఇంజనీరు గారి షెడ్డులో ఎర్ర కారు నేలకు అంటుకున్నట్టుంది. ఇంజను వెనక, డిక్కీ ముందు, స్టీరింగు ఎడమవైపు. మావారు హాయిగా పట్టేశారు. నేను కుడివైపు కూర్చున్నాను. కాలవ పక్క రోడ్డెక్కగానే ముందు చెరుకు బండి. ఆయనకు చెరుకు తప్ప ఏమీ కనబడటంలేదు.

"చూడవే, ఎదురుగా ఏమైనా వస్తోందా?"

"బస్సొస్తోందండీ, ఆగండి. ఆ, ఇప్పుడు వెళ్ళండి."

ఒక్క తొక్కు తొక్కారంతే, నా వీపు సీటుకు అతుక్కుపోయింది. ఎదురొచ్చినవాళ్ళంతా నేనే నడుపుతున్నాననుకుని నోళ్ళు వెళ్ళబెట్టారు. నవ్వలేక చచ్చాను. నేనూ నడుపుతానంటే మాత్రం, "ఎడమ స్టీరింగు, నీకు అలవాటుండదులే" అనేశారు. కారు ఆయనకు తెగ నచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది.

మళ్ళీ టాక్సీలో వెనక్కి వచ్చి, సిద్ధాంతం వంతెన దాటి, ఒంటిగంటకు పాలకొల్లులో భోజనానికి ఆగాం. మనిషికి అయిదు రూపాయలు. "మొహమాటపడకండి బాబూ, ఇంకొంచెం వేయించుకోండి" అంటూ వంటాయనే దగ్గరుండి ముద్దపప్పు, గోంగూర వడ్డించాడు. మావారు ఏ ఒక్కటీ వద్దనలేదు.

మూడింటికి నరసాపురం మీదుగా మొగల్తూరు. కొబ్బరితోటల ఆసామి వెంకటరత్నం గారు పచ్చ కారు మీది దుప్పటి తీశారు. తీగల చక్రాలు, చెక్క డాష్‌బోర్డు, మడిచేసే పైకప్పు. వేగంలో ఎర్రదాని ముందు నిలవదు. కానీ మావారు చూపు తిప్పుకోలేకపోయారు. ఎక్కి కూర్చున్నారు. సీటు ఎంత వెనక్కి జరిపినా స్టీరింగు పొట్టకు ఆని తిరగలేదు.

"ఊపిరి బిగబట్టండి బాబూ" అన్నాడు మా టాక్సీ డ్రైవరు వీర్రాజు.

"బిగబట్టే ఉన్నానయ్యా."

"ఇది కొన్న మా నాన్నగారు బక్కపల్చగా ఉండేవారండి" అంటూ వెంకటరత్నం గారు నావైపు తిరిగారు. "మీకు డ్రైవింగ్ వచ్చా అమ్మా?"

అడిగిందే ఆలస్యం. పైకప్పు మడిచి, పేరుపాలెం వైపు పోనిచ్చాను. గేరు మార్చిన ప్రతిసారీ చేతికి కారు పలుకుతోంది. సరుగుడు తోటలు, ఉప్పుగాలి. మొదట తలుపు గట్టిగా పట్టుకున్న మావారు కాసేపటికి "ఇంకాస్త తొక్కవే" అన్నారు. అంత సంతోషం నాకు పెళ్ళయ్యాక అదే మొదలు.

తిరిగొచ్చాక ఆయన పచ్చ కారు చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఎర్రదైతే నేను నడుపుకోవచ్చు. ఇదైతే నువ్వే నడపాలి" అని, దాని తలుపు మీద తట్టి, "ఇదే కొందాం" అన్నారు.

"మరి మీరో?"

"పక్కన కూర్చుంటాను. పొద్దున నువ్వు కూర్చోలేదూ?"

వేగం, బిగువు కావాలంటే ఆ జర్మనీ కారుకు తిరుగులేదని ఇప్పటికీ అంటాను. ఇంగ్లండు కారు నింపాదిగా వెళ్తుంది, దారి పొడుగునా కబుర్లు చెప్పుకోనిస్తుంది. మా ఇద్దరికీ కావలసింది అదేనని ఆ రోజుదాకా మాకే తెలియదు. పాత కారు చూడబోయేవారికి ఒక్క సలహా: ముందు కడుపునిండా భోంచేసి, అప్పుడు స్టీరింగు ముందు కూర్చోండి. ఆ తర్వాత దిగి, పక్క సీట్లోనూ కూర్చుని చూడండి.