ఓపల్ వేళ్లు

ఒహాయోలో పాత సీసాల సంత ఎక్కడ జరిగినా ఓపల్ టకర్ బల్ల ముందు వరసలోనే ఉంటుంది. నలభై ఏళ్లుగా, ఒకప్పుడు జనం ఖాళీ సీసాలు పారేసిన పాత మరుగుదొడ్ల గుంతలు తవ్వి ఏరుకొచ్చిన మందుల సీసాలు, విషంసీసాలు దానిమీద నీలంగా మెరుస్తుంటాయి. ప్రతి సీసానూ చొక్కా అంచుతో తుడిచి, మెడ చుట్టూ బొటనవేలు ఒకసారి తిప్పి గానీ కింద పెట్టదు. రెండేళ్లుగా చూపు మందగించింది. సీసా వయసు చెప్పడంలో ఇక ఆమె మాట చెల్లదని సంతలో గుసగుసలు. ఈసారి పక్క బల్ల డ్వేన్ ఒక నీలం విషంసీసా ఆమె చేతిలో పెట్టి, నలుగురూ వినేలా అన్నాడు: "నూటపాతికేళ్ల నాటిది మామ్మా! నీకు రంగైనా కనబడుతోందా?"

ఓపల్ కళ్లు మూసుకుంది. సీసా పక్కల ఉన్న గరుకు గాట్లు తడిమి, గాజును అచ్చులో పోసినప్పుడు పడిన అతుకు గీత వెంట వేలు పైకి పోనిచ్చింది. "అప్పట్లో మూతి చేత్తో చేసేవాళ్లు, గీత మెడ దగ్గరే ఆగిపోయేది. ఇది మూతి దాకా పాకింది. నిన్నమొన్నటి మిషను సరుకు, నాయనా!"

డ్వేన్ మొహం కందిపోయింది. "చూడకుండా ఎలా చెప్తావ్?"

ఓపల్ నడుం నిటారు చేసి నవ్వింది. "విషంసీసాకి ఈ గాట్లెందుకు పెట్టారనుకున్నావ్? చీకట్లో మందనుకుని తాగెయ్యకుండా వేళ్లకు తెలియాలని. ఇవి మొదట్నుంచీ కళ్ల కోసం చేసినవి కావురా!"