వీర్నపల్లి బడి, నేను కోరిన స్పష్టత

సిరిసిల్ల జిల్లా అయిన మరుసటి ఏడు జూన్‌లో నన్ను కోరుట్ల నుంచి అక్కడి విద్యాశాఖ ఆఫీసుకు సూపరింటెండెంటుగా వేశారు. గుమాస్తాలకు పైన, అధికారులకు కింద ఉండే కుర్చీ. పేరులో సూపర్ ఉంది గాని సంతకంలో లేదు.

వీర్నపల్లి మండలంలో ఒక బడికి ఉన్న ఒక్క సారూ బదిలీ మీద పోయారు. మండల విద్యాధికారి ఆ చోట లావణ్య అనే అమ్మాయిని విద్యా వాలంటీరుగా, అంటే తాత్కాలిక టీచరుగా, పెట్టుకున్నారు. సాంచెల మీద బట్ట నేసే పనికి భివండి పోయి, తండ్రికి చేతగాక తిరిగొచ్చిన కుటుంబం. ఆమె టీచర్ ట్రైనింగు, అర్హత పరీక్ష రెండూ మహారాష్ట్రవే. అవి ఇక్కడ చెల్లుతాయని నాకు దొరికిన ఏ ఉత్తర్వులోనూ లేదు, చెల్లవనీ లేదు.

కాగితాలు నా టేబుల్ మీదికి రాగానే ఆ మండల విద్యాధికారి ఫోన్ చేశారు. "అన్నా, గీ సంగతి పైకి అడగకు. అడిగితే ఆపాలె."

మా శాఖలో అది రాయని నియమం. పైకి ప్రశ్న పోయిందంటే, జవాబు వచ్చేదాకా ఆ పనిలో ఎవరూ చేయి పెట్టరు. నాకూ తెలుసు. అయినా రేపు ఎవరూ ఆమెను వేలెత్తి చూపొద్దని, పక్కా కాగితం ఇప్పిద్దామని, స్పష్టత కోరుతూ పై అధికారి సంతకంతో హైదరాబాదుకు రాశాను. మూడు పేరాలు, మంచి ఇంగ్లీషు. రెండుసార్లు చదువుకుని మురిశాను కూడా.

ఆ వారమే ఆమెను ఆపేశారు. లావణ్య ఆఫీసుకు వచ్చింది.

"మీరు అడగకపోతే నేను బడిల ఉందును గద సార్?"

నీ మంచికే బిడ్డా అన్నాను.

"పిల్లలు దినాం అచ్చి తాళం జూసి పోతున్నరు. గా తాళం ఏ రాష్ట్రందో గూడ అడిగి రాయున్రి సార్."

దసరా దాటాక జవాబు వచ్చింది. ఆమె సర్టిఫికెట్లు అసలువేనని, వాటిని ఇచ్చిన పుణె ఆఫీసు నుంచి కాగితం తెప్పించి, మళ్లీ పంపమని. పుణెకు రాశాం, మూడుసార్లు గుర్తు చేశాం. నా దగ్గర ఫైలు ఆగదని పేరు. నిజమే, ఆగింది బడే. చలికాలానికి పిల్లలు ప్రైవేటు బడి బస్సెక్కారు. హాజరు సున్నా అని చూపి బడిని మూశారు. లావణ్య వాళ్లు మళ్లీ భివండి పోయారు.

పుణె కాగితం ఎండాకాలంలో వచ్చింది. అన్నీ అసలువే. 'తదుపరి చర్య అవసరం లేదు' అని రాసి ఫైలు మూసింది నేనే.

తర్వాత జగిత్యాలలో రిటైరయ్యాను. ఈ కొలువులో కొత్తగా చేరేవారికి నేను చెప్పగలిగేది ఒకటే. స్పష్టత కోరే ముందు, జవాబు వచ్చేదాకా పని పోగొట్టుకుని కూర్చునేది ఎవరో చూసుకోవాలి. అడిగినవాడు మాత్రం కాదు.